నెల్లూరు నుంచి నాటాలుకు: జాన్ రంగయ్యగారి సువార్త సేవ

మనం ఏటేటా పండుగకు కూడినప్పుడు పెద్దలను తలుచుకోవడం ఆనవాయితీ. ఓడ దిగిన తాతలను, చెరుకు ఆకుల కోతకు చేతులు చీరుకుపోయిన అవ్వలను, రాత్రిపూట లాంతరు వెలుగులో రామభజన నడిపిన దాసులను తలుచుకుంటాం. అది చేయదగిన పనే. కాని ఆ తలపులో మన కుటుంబంలోనిదే అయిన ఒక శాఖ తరచుగా మరుగున పడిపోతున్నది. అవే తోటల్లో పనిచేసి, అవే బారక్కుల్లో కాపురముండి, అదే తెలుగులో ఏసుక్రీస్తును కొలిచిన కుటుంబాల కథ అది. వారి వెంట రావడానికి నెల్లూరు నుంచి బయలుదేరిన జాన్ రంగయ్య అనే బోధకుని కథ అది.

మిషనరీ అనే మాట వినగానే మన కళ్ళముందు ఒక తెల్లదొర నిలబడతాడు. అమెరికా నుంచో, ఇంగ్లండు నుంచో వచ్చి, ముక్కున పట్టి తెలుగు నేర్చుకుని, గుర్రమెక్కి ఊరూరా తిరిగిన దొర. అటువంటివారు చాలామంది వచ్చారు, నిజమే. కాని తెలుగువారు కూడా తమ చేతి కానుకలతో ఒక మిషనరీని సముద్రం దాటించారు. ఆయన తెల్లవాడు కాడు. ఆయన వెళ్ళినది పరాయి జాతి దగ్గరకూ కాదు. ఇది మనలో ఎందరికి తెలుసు? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

ఓడలూ ఒడంబడికలూ

ముందుగా నేపథ్యం కొంత జ్ఞాపకం చేసుకుందాం. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరింది. అందులో మూడు వందల నలభైకి పైగా జనం ఉన్నారు. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు కూలి ఒడంబడిక మీద నాటాలు దేశానికి వచ్చారు. మన పెద్దలు 'గిరిమిట్' అన్నది ఆ ఒడంబడికనే. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవునుంచి వచ్చినవారే. విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు.

ఒడంబడిక అయిదు సంవత్సరాలకు. మొదటి ఏడు మగవానికి నెలకు పది షిల్లింగుల కూలి, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు. ఆడవారికి అందులో సగం. బియ్యం, పప్పు, ఉప్పుచేప, నూనె, ఉప్పు బత్తెంగా ఇచ్చేవారు. బియ్యం చాలని చోట మొక్కజొన్న పిండి కొలిచేవారు. మన ఇళ్ళలో ఈనాటికీ మొక్కజొన్న రవ్వ వండుకునే అలవాటు ఎక్కడిదో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

కూలి తక్కువ అనుకుంటే కట్టుబాట్లు ఎక్కువ. 1891 నాటి చట్టం ప్రకారం యజమాని ఇచ్చిన చీటీ లేకుండా కూలివాడు తోట నుంచి మైలు దూరం దాటి కనబడితే పట్టుకోవచ్చు. 1895లో మరొక చట్టం వచ్చింది. ఒడంబడిక తీరినవాడు మళ్ళీ ఒడంబడికకు ఒప్పుకోవాలి, లేదా ఇండియాకు తిరిగిపోవాలి, లేదా ఏడాదికి మూడు పౌన్లు తలపన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే కొత్తగా వచ్చిన కూలివాని ఆరు నెలల సంపాదన. 1903లో ఈ పన్నును ఎదిగిన పిల్లలకు కూడా విస్తరించారు. రంగయ్యగారు ఓడ దిగినది సరిగ్గా ఆ సంవత్సరమే.

కరువు రెండు దారులు చూపింది

ఆయన వచ్చిన కారణం తెలియాలంటే ఒకసారి ఇంటివైపు చూడాలి. అమెరికను బాప్టిస్టు మిషను తెలుగు దేశంలో 1836లో పని మొదలుపెట్టింది. శామ్యూల్ డే దొర మొదట విశాఖపట్నంలో దిగి, 1840లో నెల్లూరు చేరారు. ఎన్నో ఏళ్ళ పాటు ఫలితం ఏమీ కనబడలేదు. చేరినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1853లో అమెరికాలోని పెద్దలు ఇక ఈ నెల్లూరు మిషనును మూసివేద్దామా అని చర్చించే దాకా వచ్చింది. పటంలో తెలుగు దేశానికంతటికీ వారికున్న ఠాణా అదొక్కటే కావడం చేత దానికి 'ఒంటి నక్షత్రం' అన్న పేరు వచ్చింది. ఎట్లాగో మూతపడకుండా నిలిచింది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, వెరసి అయిదుగురు, ఒంగోలు దగ్గరి కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండను ప్రార్థన కొండ అంటారు.

తరువాత వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని మాడ్చివేసిన కరువులో, ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. పూర్వాశ్రమంలో ఆయన సర్వే పని నేర్చినవాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు నడుస్తున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండిపెట్టడం మానిన తరువాత కూడా జనం ఆగలేదు. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది ఒక్కనాడే బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలోకి దిగారు.

ఈ చేరినవారిలో అధిక సంఖ్యాకులు మాల మాదిగ పల్లెల వారు. గుడిలోకి రానివ్వని, బావి ముట్టనివ్వని, బడిలో కూర్చోనివ్వని కుటుంబాలవారు. వారికి కొత్త మతంతోపాటు పలకా బలపమూ వచ్చాయి. ఊరి పంతులే ఊరి బోధకుడు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యం. బోధకులకు తర్ఫీదు ఇవ్వడానికి రామాయపట్నంలో 1872లోనే వేదాంత పాఠశాల పెట్టారు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. నాటాలుకు కూలీల రవాణా 1866లో ఆగిపోయి 1874లో మళ్ళీ మొదలయింది. ఆ వెంటనే వచ్చిపడింది ఆ కరువు. అంటే ఒకే కరువు ఒకే పల్లెవారికి రెండు దారులు చూపింది. ఒకడు పలుగు పట్టి కాలువ గట్టుకు వెళితే మరొకడు బొటనవేలి ముద్రవేసి ఓడ ఎక్కాడు. కొందరు రెండూ చేశారు. ముందు నదిలో బాప్తిస్మం, పిమ్మట సముద్ర ప్రయాణం. అట్లా వచ్చినవారి మూటలో మార్పు బట్టతోపాటు ఒక తెలుగు బైబిలో, కీర్తనల పుస్తకమో కూడా ఉండేది. అది కూడా లేనివారికి కంఠతా వచ్చిన పాటలు ఉండేవి.

పంపినవారు ఎవరు

నాటాలు ఉత్తర తీరంలో, స్టాంగరు పట్టణానికి చేరువలో, కియర్స్నీ అనే తేయాకు ఎస్టేటు ఉండేది. జేమ్సు లీజ్ హ్యూలెట్ అనే ఇంగ్లీషు దొర దాని యజమాని. చెరుకు, తేయాకు రెండింటిలోనూ పెద్ద చెయ్యి. ఆయన మెథడిస్టు భక్తుడు కూడా. ఆ ఎస్టేటు కూలీలలో కొన్ని తెలుగు బాప్టిస్టు కుటుంబాలు ఉన్నాయి. పాదిరి లేకపోయినా వారు తమలో తాము కూడుకుని ప్రార్థన చేసుకునేవారు. చదువు వచ్చినవాడు చదివితే తక్కినవారు వినేవారు. ఎంతకాలమని ఇట్లా? తమకొక బోధకుని పంపమని ఇంటికి కబురు పెట్టారు.

ఆ కబురు అందుకున్నది అమెరికాలోని మిషను కాదు. తెలుగు బాప్టిస్టులు తమలో తాము ఏర్పరచుకున్న తెలుగు బాప్టిస్టు హోము మిషనరీ సొసైటీ ఆ బరువు ఎత్తుకున్నది. ఆ సంఘాల సభ్యులు కలిగినవారు కారు. పొలం లేని కూలీలు, చెప్పులు కుట్టేవారు, చిన్న జీతాల పంతుళ్ళు. వారి కానుక అంటే అణా, అర్ధణా, వండబోయే ముందు తీసిపెట్టిన గుప్పెడు బియ్యం. పాతికేళ్ళ క్రితం కరువులో ఒకరి చేతి ముద్ద తిన్న జనం, ఇప్పుడు సముద్రానికి అవతల ఉన్న తమవారికోసం చెయ్యి చాచి ఇచ్చారు. ఇంతవరకు పుచ్చుకోవడమే తెలిసిన సంఘం ఇవ్వడం నేర్చుకున్నది. మిషను చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

ఆ పనికి నిలిచినవారు 1866లో జన్మించిన జాన్ రంగయ్యగారు. నెల్లూరు సంఘంలో పెరిగినవారు. భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని 1903లో బయలుదేరి ఆ జూన్ నెలలో డర్బనులో దిగారు. వయసు ముప్పయి ఏడు. చిన్న పిల్లలున్న ఇల్లు. తిరిగి ఊరు చూస్తామో లేదో తెలియని ప్రయాణం. కూలీకి ఒడంబడిక అయిదేళ్ళకు తీరుతుంది. బోధకునికి ఆ గడువు కూడా లేదు.

తేయాకు తోటలో సంఘం

అదే సంవత్సరం డిసెంబరులో కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపన జరిగింది. ఈ దేశంలో తెలుగు బాప్టిస్టు సంఘాలకు అది తల్లి సంఘం. తక్కిన శాఖలన్నీ ఉత్తర తీరాన, డర్బనులో, ఇతర చోట్ల దాని తరువాత పుట్టినవే.

తేయాకు తోట పని చెరుకు తోట పని వంటిది కాదు. చెరుకుకు బలం కావాలి, తేయాకుకు వేళ్ళ వాటం కావాలి. అందువల్ల ఆకు కోతలో ఆడవారు, పిల్లలు ఎక్కువగా ఉండేవారు. తెల్లవారకముందే గంట మోగేది. సర్దారు పేర్లు పిలిచేవాడు. వీపున బుట్ట కట్టుకుని, మంచుకు తడిసిన పొదల మధ్య వరుసకట్టి నడవాలి. సాయంత్రం తూకం. తూకం తగ్గితే కూలి తగ్గుతుంది. బారక్కు గది ఒక్కటి, అందులోనే పొయ్యి, పడక, పిల్లలు. వారానికి ఆరు రోజులు ఇదే వరస.

ఇటువంటి చోట బోధకుని దినచర్య ఎట్లా ఉంటుందో ఆలోచించండి. పగటిపూట వినేవాడు దొరకడు, అందరూ పొలంలో ఉంటారు. సంఘ దర్శనమంటే దీపాలు పెట్టిన తరువాతే. ఒక ఎస్టేటు నుంచి మరొక ఎస్టేటుకు దూరం ఎక్కువ. నడిచి వెళ్ళడానికి ఆయనకు కాళ్ళున్నాయి కాని, ఎదురురావడానికి కూలీకి చీటీ లేదు. మైలు దాటి రాలేనివారి దగ్గరకు తానే వెళ్ళాలి. ఎస్టేటులో అడుగుపెట్టాలంటే యజమాని అనుమతి కావాలి. యజమాని కటాక్షం మీద ఆధారపడి బోధ చేస్తూ, ఆ యజమాని కింద నలిగేవారి కన్నీరు తుడవడం ఎంత ఇరకాటమో చెప్పనక్కరలేదు. పరదేశంలో మిషనరీగా ఉండడమంటే పెద్ద సభల్లో ప్రసంగించడం కాదు. ఈ ఇరకాటంలో ప్రతిరోజూ నిలబడడం.

ఆదివారం మాత్రం తమది. ఆ రోజున ఉతికిన పంచె కట్టి, తలకు నూనె రాసి, పిల్లలను చంకనెత్తుకుని కూడేవారు. అందరికీ చదువు రాదు గనుక పాటే వారి పాఠం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి తెలుగు కవులు రాసిన క్రైస్తవ కీర్తనలు అప్పటికే తెలుగు దేశమంతటా వ్యాపించి ఉన్నాయి. అవి ఇంగ్లీషు రాగాల తర్జుమాలు కావు. మన రాగం, మన తాళం, మన జానపదుని గొంతుకు పట్టే నడక. తంబురా, తాళాలు ఉంటే చాలు. ఒక బారక్కులో రామభజన, పక్క బారక్కులో క్రీస్తు కీర్తన. దూరం నుంచి వినేవానికి రెండూ తెలుగు పాటలే.

పాట తరువాత వాక్యం. తెలుగు బైబిలు పూర్తిగా 1854 నాటికే వెలువడింది. అందులోని భాష గ్రాంథికం. మద్రాసు రేవుకు వచ్చేసరికి విశాఖ మాట, నెల్లూరు మాట, చిత్తూరు మాట ఒకదానికొకటి వింతగా ఉండేవి. నాటాలులో ఆ యాసలన్నీ ఒకే వరుసలో ఆకు కోశాయి, ఒకే గదిలో వాక్యం విన్నాయి. అరవం మాట్లాడేవారితో కలిసి బ్రతకడం చేత ఇంట్లో మాట కలగలుపు అయిపోయినా, ఆదివారం చెవినపడే తెలుగు ఒకటి నిలబడి ఉన్నది. మిషనరీలు సాధారణంగా పరాయి భాష నేర్చుకుంటారు. రంగయ్యగారి పని దానికి తలకిందులు. తమవారు సొంత భాష మరచిపోకుండా చూడడం ఆయన సేవలో పెద్ద పాలు అయింది.

పెళ్ళికీ చావుకీ

మత బోధ సంగతి అట్లా ఉంచి, సంఘం వల్ల ఒరిగిన లోకవ్యవహారాన్ని కూడా చెప్పుకోవాలి. బంధువులు లేని దేశంలో చనిపోతే మోసేవారెవరు? పెళ్ళయితే పెద్దరికం వహించేదెవరు? ఓడమీద కలిసివచ్చినవారు 'జహాజీ' బంధువులై ఒకరికొకరు నిలిచారని మనకు తెలుసు. సంఘం కూడా అటువంటి చుట్టరికాన్నే ఇచ్చింది. అన్నా, అక్కా, అయ్యగారూ, అమ్మగారూ అన్న పిలుపులతో అదొక ఊరు అయింది.

పెళ్ళి విషయంలో మరొక మెలిక ఉన్నది. 1913 మార్చిలో కేపు సుప్రీము కోర్టులో న్యాయాధిపతి సెర్ల్ ఇచ్చిన తీర్పు వల్ల, క్రైస్తవ పద్ధతిలోగాని రిజిస్టరు ద్వారాగాని జరగని భారతీయ వివాహాలు చెల్లని పరిస్థితి వచ్చింది. తాళి కట్టించుకుని ముప్పయి ఏళ్ళు కాపురం చేసిన ఇల్లాలు చట్టం దృష్టిలో భార్య కాకుండా పోయింది. ఆ తీర్పు క్రైస్తవ కుటుంబాల పెళ్ళిళ్ళకు ముప్పు తేలేదు. అయినా ఒకే బారక్కులో ఇటు గదివారి పెళ్ళి చెల్లి, అటు గదివారి పెళ్ళి చెల్లదంటే, ఆ అవమానం ఇద్దరి గుమ్మంలోనూ నిలబడినట్లే. గాంధీగారు నడిపిన సత్యాగ్రహంలోకి ఆడవారు దిగింది ఈ తీర్పు తరువాతనే.

ఆ సంవత్సరం అక్టోబరులో న్యూకాసిల్ ప్రాంతపు బొగ్గు గనుల్లో మొదలైన సమ్మె నవంబరు నాటికి తీరప్రాంతపు చెరుకు తోటలకు పాకింది. మూడు పౌన్ల పన్నే వారి ప్రధాన ఫిర్యాదు. రంగయ్యగారి సంఘస్థులు నివసించినది ఈ నేలమీదే. పన్ను కట్టలేక మళ్ళీ ఒడంబడికకు వేలిముద్ర వేసినవారు కోవెలకు వెళ్ళేవారిలోనూ ఉన్నారు, చర్చికి వెళ్ళేవారిలోనూ ఉన్నారు. చివరకు 1914లో వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం ఆ పన్నును రద్దుచేసింది, పెళ్ళిళ్ళకు గుర్తింపు ఇచ్చింది.

చీలికా, చివరి రోజులూ

చరిత్ర రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి ఊరుకోకూడదు. తెలుగు బాప్టిస్టుల మధ్య కూడా అభిప్రాయ భేదాలు వచ్చాయి. ఇండియా నుంచి మరొక బోధకుడు వచ్చి పనిలో చేరిన తరువాత కొన్నాళ్ళకు సంఘాలు రెండు పాయలుగా చీలాయి. 1914 నాటికి ఆ చీలిక స్థిరపడింది. ఎవరిది తప్పు అని నూరేళ్ళ తరువాత తీర్పు చెప్పడం మన పని కాదు. ఇంత చిన్న సమాజం, ఇంత దూరదేశం, ఇంత లేమి. అటువంటి చోట మనస్పర్ధ వస్తే దాని పోటు ఎక్కువగానే ఉంటుంది. తన చేతులతో నాటిన మొక్కకు రెండు కొమ్మలు రావడం రంగయ్యగారు కళ్ళారా చూశారు.

1915లో ఆయన కాలధర్మం చెందారు. అప్పటికి పన్నెండేళ్ళ సేవ. వయసు యాభై కూడా నిండలేదు. నెల్లూరు మట్టిలో పుట్టిన శరీరం నాటాలు మట్టిలో కలిసింది. పంపిన సంఘానికి ఆయన తిరిగి కానరాలేదు గాని, పని ఆగలేదు. తరువాతి కాలంలో ఆయన కుమారుడే ఆ సేవను చేపట్టారు. రెండు పాయల సంఘాలూ పెరిగాయి.

కియర్స్నీ తేయాకు మాత్రం నిలవలేదు. 1911 జులైతో ఒడంబడిక కూలీల రాక ఆగిపోయింది. వేళ్ళ వాటం ఉన్న చవక చేతులు కరువై నాటాలు తేయాకు పరిశ్రమ క్రమంగా క్షీణించి చెరుకుకు చోటిచ్చింది. హ్యూలెట్ దొర ఇంట్లో 1921లో ఒక పాఠశాల వెలసింది. అదీ 1939లో వేరే చోటికి తరలిపోయింది. స్టాంగరుకు కూడా 2006లో క్వాడుకుజా అని పేరు మారింది. తోట పోయింది, ఊరి పేరు మారింది. ఆ తోటలో ఆదివారం నాడు కూడిన సంఘం సంతానం మాత్రం మిగిలింది.

మనకు మిగిలిన పని

1950 నాటి గ్రూపు ఏరియాస్ చట్టం కుటుంబాలను పెళ్ళగించి కొత్త పేటలకు తోలింది. పాత చర్చీలు, పాత గుళ్ళు రెండూ ఆ దెబ్బ తిన్నాయి. తరాలు మారినకొద్దీ ఇంటి భాష ఇంగ్లీషు అయింది. ఆరాధన భాషకూ అదే దారి తప్పలేదు. అవ్వ నోటితో పాడిన కీర్తనను మనుమడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడే రోజు వచ్చింది. భజన మందిరంలోనూ జరుగుతున్నది ఇదే. నష్టం ఇద్దరిదీ.

1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది మొదలు ఈ దేశంలో తెలుగు నిలపడానికి జరిగిన కృషి మనకు తెలుసు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం కూడా గౌరవించి పెంపొందించవలసిన భాషల పట్టికలో తెలుగును పేరు పెట్టి చెప్పింది. భారతదేశానికి వెలుపల మరొక దేశపు రాజ్యాంగంలో మన భాష పేరు ఉండడం గర్వకారణమే. అయితే ఆ తెలుగు ఎవరిది? గుడికి వెళ్ళేవారిది మాత్రమేనా? కియర్స్నీలో దీపం వెలుతురులో వాక్యం చదివినవారు కూడా ఆ భాషను కాపాడినవారే. ఊరిలో అక్షరం అందనివ్వని కుటుంబాలవారు సముద్రం అవతల అక్షరాన్ని గుండెకు హత్తుకుని నిలిపారు. పండుగలో వారికి పీట వేయకపోతే మన చరిత్ర సగమే చెప్పినట్లు.

చివరగా ఒక మనవి. ఒడంబడిక మీద వచ్చిన ప్రతి మనిషికీ ఓడ పట్టీలో ఒక నెంబరు ఉన్నది. తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం, కులం, వయసు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా రాసి ఉంచారు. మీ ముత్తాత నెంబరు తెలిస్తే మీ ఊరి పేరు తెలిసినట్లే. క్రైస్తవ కుటుంబాలకు దీనికితోడు సంఘపు బాప్తిస్మ రిజిస్టరు, పెళ్ళి రిజిస్టరు ఆధారాలు కావచ్చు. చర్చి బీరువాలో చెదలు పట్టకముందే వాటిని చూడండి. పెట్టె అడుగున పాత తెలుగు బైబిలు ఉంటే దాని మొదటి తెల్లకాగితం తిప్పి చూడండి. పుట్టిన తేదీలు, పోయిన తేదీలు అక్కడ రాసుకోవడం మన పెద్దల అలవాటు. చదవడం రాకపోతే చదవగలిగిన పెద్దవారి దగ్గరకు తీసుకువెళ్ళండి. వారు ఉండగానే తీసుకువెళ్ళండి. ఇంట్లో అవ్వ పాడే కీర్తన ఉంటే, అది రామునిదైనా క్రీస్తుదైనా, ఆమె గొంతుతోనే పట్టి ఉంచండి.

అణా, అర్ధణా కూడబెట్టి నెల్లూరు జనం ఒక మనిషిని మనకోసం పంపారు. ఆ రుణం తీర్చడానికి మనల్ని సముద్రం దాటమని ఎవరూ అడగడం లేదు. ఆయన పేరు, ఆయనను పంపినవారి కథ, ఆయన మాట్లాడిన భాష మన పిల్లలకు చెప్పమని మాత్రమే అడుగుతున్నారు. వచ్చే పండుగ నాటికి ప్రతి ఇంటి నుంచి కనీసం ఒక పేరు, ఒక ఊరు, ఒక పాట వెలికి వస్తే ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్లే.